ఎముకల గూటికి వెలుగు చూపిన రాంట్‌జెన్

మానవ దేహాన్ని నిలబెట్టేది ఎముకల గూడు. మగ్గానికి గుంజలు ఎలాంటివో మనిషికి ఎముకలు అలాంటివి. గుంజ కదిలితే మగ్గం మూలపడుతుంది. ఎముక విరిగితే ఇంటి సంపాదన ఆగిపోతుంది. నేతపనిని, బీడీపనిని నమ్ముకొని బ్రతికే షోలాపూర్ తూర్పు పేటలలో ఈ మాటను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

అయినప్పటికీ వేలాది సంవత్సరాల పాటు, బ్రతికి ఉన్న మనిషి ఎముకను చర్మం కోయకుండా చూచినవారు లేరు. వైద్యుడు వ్రేళ్ళతో తడిమి, నొప్పి ఎక్కడ పుట్టుతున్నదో రోగిని అడిగి, విరుపును ఊహించి కట్టు కట్టేవాడు. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు తెలుగువారందరూ ఎరిగినదే. ఆ విద్య యావత్తూ చేతివ్రేళ్ళలో, తరతరాల అనుభవంలో ఇమిడి ఉన్నది. వ్రేళ్ళకు అందని విరుపు మాత్రం ఎంతటి నిపుణునికైనా చీకటిగానే ఉండేది.

ఆ చీకటిని తొలగించినవారు జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ కాన్‌రాడ్ రాంట్‌జెన్. నేడు పెద్ద ఆసుపత్రులలో ఒక్కొక్క రోగి ఎముకకు సరిగ్గా సరిపోలే ప్రతిరూపాన్ని కంప్యూటరులో నిర్మిస్తున్నారు. అవసరమైతే దానిని చేతితో పట్టుకొని చూచే నమూనాగా అచ్చుతీసి, శస్త్రచికిత్సకు ముందే దానిపై సాధన చేస్తున్నారు. ఆ విద్యకు తొలిదీపం వెలిగించినది ఆయనే. చేయని తప్పుకు బడి నుండి వెళ్ళగొట్టబడిన విద్యార్థి ఆయన. కనుగొన్నదానికి పేటెంటు హక్కు కోరని దాత కూడా ఆయనే. అందుచేతనే ఆ జీవితం ఒక పాఠశాల ఉత్సవ సంచికలో స్మరించుకోదగినది.

వస్త్రవర్తకుని ఇంట

రాంట్‌జెన్ 1845 మార్చి 27వ తేదీన నాటి ప్రష్యా రాజ్యంలోని లెన్నెప్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. లెన్నెప్ ఉన్ని బట్టల నేతకు పేరుపొందిన ఊరు. తండ్రి ఫ్రీడ్రిష్ కాన్‌రాడ్ బట్టలు తయారుచేయించి అమ్మే వర్తకుడు. తల్లి చార్లట్ కాన్‌స్టాంజ్ హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి చెందిన కుటుంబంలోని ఆడపడుచు. ఆ దంపతులకు విల్‌హెల్మ్ ఒక్కడే సంతానం.

బాలునికి మూడేళ్ళు నిండేసరికి, 1848లో, ఆ కుటుంబం లెన్నెప్ విడిచి హాలెండులోని అపెల్‌డోర్న్ పట్టణానికి తరలిపోయింది. తండ్రి భాష జర్మన్. వీధి భాష డచ్చి. రెండు భాషల నడుమ ఆ బాలుడు పెరిగాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి మగ్గం వెంట షోలాపూర్ చేరిన పద్మశాలి కుటుంబాల పిల్లలు తరతరాలుగా ఎరిగిన స్థితియే ఇది. ఇంట తెలుగు, బజారులో మరాఠీ పలుకుతూ పెరిగిన పిల్లలకు ఆ బాల్యం పరాయిదిగా తోచదు.

చిన్ననాట విల్‌హెల్మ్ చదువులో అసాధారణ ప్రతిభ ఏదీ కనబరచలేదు. అడవులలో, పొలాలలో తిరగడమంటే అతనికి మిక్కిలి ప్రీతి. చిన్నచిన్న యంత్రపు బొమ్మలను తన చేతులతో తయారుచేయడంలో మాత్రం నేర్పరి. ఆ చేతిపనితనం జీవితాంతం అతనిని విడువలేదు. గొప్ప ఆచార్యుడైన తరువాత కూడా తన ప్రయోగాలకు కావలసిన పరికరాలలో అనేకం తానే స్వయంగా అమర్చుకొనేవారు.

చేయని తప్పుకు శిక్ష

1862లో విల్‌హెల్మ్ ఉట్రెక్ట్ నగరంలోని సాంకేతిక పాఠశాలలో చేరాడు. అక్కడ ఒకనాడు ఎవరో విద్యార్థి ఒక ఉపాధ్యాయుని ముఖాన్ని వికృతంగా, నవ్వు పుట్టించేటట్లు గీశాడు. ఆ బొమ్మ గీసినవాడు విల్‌హెల్మే అని అధికారులు భావించారు. గీసినది అతడు కాదు. గీసినవాని పేరు చెప్పి తప్పించుకొనే వీలున్నా, తోటి విద్యార్థిని పట్టి ఇవ్వడానికి అతని మనస్సు ఒప్పలేదు. తత్ఫలితంగా పాఠశాల నుండి బహిష్కృతుడయ్యాడు.

ఆ శిక్ష ఒక్క ఏడాదితో ముగియలేదు. ఉన్నత విద్యకు ద్వారం వంటి మెట్రిక్యులేషన్ అర్హతాపత్రం అతనికి దక్కలేదు. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు విన్నా, క్రమబద్ధమైన విద్యార్థిగా నమోదు కాలేకపోయాడు. చదువు ఇక్కడితో ముగిసినదని అందరూ భావించదగిన తరుణమది.

స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో ప్రవేశపరీక్షలో నెగ్గినవారికి ఆ అర్హతాపత్రం లేకున్నా చోటిస్తారని అతనికి తెలిసింది. 1865లో అక్కడకు వెళ్ళి, పరీక్షలో ఉత్తీర్ణుడై, యంత్రశాస్త్ర విద్యార్థిగా చేరాడు. 1868లో ఇంజనీరు పట్టాను, మరుసటి సంవత్సరం వాయువులను గురించిన పరిశోధనకు జ్యూరిచ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటును పొందాడు. అక్కడనే ఆగస్ట్ కుంట్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుని ప్రేమకు పాత్రుడై, ఆయన సహాయకుడుగా కుదిరాడు. జ్యూరిచ్‌లో ఒక ఫలహారశాల యజమాని కుమార్తె అయిన బెర్తా లూడ్విగ్‌తో పరిచయమై, 1872లో ఆమెను వివాహమాడాడు. ఆ దంపతులకు సంతానం కలుగలేదు. బెర్తా సోదరుని కుమార్తెను ఆరేళ్ళ ప్రాయంలో తెచ్చుకొని కన్నబిడ్డవలె పెంచుకొన్నారు.

మూసుకొన్న ద్వారమే తెరచుకొన్నది

1870లో గురువు కుంట్ వెంట రాంట్‌జెన్ వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. డాక్టరేటు ఉన్నా, పనిలో నేర్పు ఉన్నా, ఉపన్యాసకుని హోదా ఇవ్వడానికి ఆ విశ్వవిద్యాలయం అంగీకరించలేదు. బాల్యంలో పోయిన ఆ అర్హతాపత్రమే మరల అడ్డు నిలిచింది. గురుశిష్యులు 1872లో స్ట్రాస్‌బర్గ్ చేరారు. అక్కడ 1874లో రాంట్‌జెన్‌కు ఉపన్యాసకుని హోదా లభించింది. అటుపిమ్మట హోహెన్‌హైమ్ వ్యవసాయ కళాశాలలో, మరల స్ట్రాస్‌బర్గ్‌లో, 1879 నుండి గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు.

1888లో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమే భౌతికశాస్త్ర ఆచార్య పీఠాన్ని స్వీకరించవలసినదిగా ఆయనను ఆహ్వానించింది. 1894లో ఆ విశ్వవిద్యాలయానికే రెక్టరుగా ఎన్నికయ్యారు. ఒకనాడు పాఠం చెప్పే అర్హత లేదని త్రిప్పిపంపిన సంస్థకు ఆయనే అధిపతి అయ్యారు. జగత్ప్రసిద్ధమైన ఆవిష్కరణ జరిగినది కూడా ఆ ఊరి ప్రయోగశాలలోనే.

ఏడు వారాల మౌనం

1895 నవంబరు 8వ తేదీ, శుక్రవారం సాయంకాలం. గాలిని దాదాపు పూర్తిగా తీసివేసిన గాజుగొట్టంలో విద్యుత్తును ప్రవహింపజేసి, కాథోడ్ కిరణాలను గురించి రాంట్‌జెన్ ప్రయోగం చేస్తున్నారు. గొట్టం నుండి వెలుతురు బయటకు రాకుండా దానికి నల్లని అట్టను దట్టంగా చుట్టారు. గదిని చీకటి చేశారు. అంతలో కొంత దూరాన ఉన్న ఒక తెర మెరవడం ఆయన కంటబడింది. బేరియం ప్లాటినోసయనైడ్ అనే రసాయనం పూసిన తెర అది. విద్యుత్తు ఆపితే మెరుపు ఆగిపోయింది. ప్రవహింపజేస్తే మరల వచ్చింది. అట్టను దాటివచ్చి ఆ తెరను వెలిగిస్తున్నదేదో కంటికి కనబడని కిరణమని ఆయన గ్రహించారు.

ఆ కాలంలో అటువంటి గొట్టాలు ఐరోపాలోని ఎన్నో ప్రయోగశాలలలో ఉండేవి. కిరణాలు అక్కడ కూడా పుట్టే ఉంటాయి. కంటబడిన వింతను విడువక పట్టుకొన్నవారు రాంట్‌జెన్ ఒక్కరే. అయినను ఆయన వెంటనే లోకానికి చాటలేదు. తాను పొరపడ్డానేమో అనే శంక ఆయనను వెంటాడింది. ఏడు వారాల పాటు దాదాపు ఎవరితోనూ చెప్పక, ప్రయోగశాలలోనే తింటూ, అక్కడనే నిద్రిస్తూ ఒక్కొక్క వస్తువును ఆ కిరణాలకు అడ్డుపెట్టి పరీక్షించారు. వేయి పుటల పుస్తకాన్ని అవి దాటిపోయాయి. కొయ్యను, పలుచని అల్యూమినియం రేకును దాటాయి. సీసం వద్ద మాత్రం ఆగిపోయాయి. ఆ వరుసలో ఒకమారు తన చేతిని అడ్డుపెట్టినపుడు తెరపై తన చేతి ఎముకల నీడయే ఆయనకు కనబడింది. మాంసం పలుచని నీడగా, ఎముక చిక్కని నీడగా వేరుపడి కనిపించింది.

డిసెంబరు 22వ తేదీన ఆయన భార్య బెర్తాను ప్రయోగశాలకు పిలిచి, ఆమె చేతిని ఛాయాచిత్ర ఫలకంపై ఉంచి, సుమారు పదిహేను నిమిషాల సేపు కిరణాలను ప్రసరింపజేశారు. ఫలకంపై ఆమె వ్రేళ్ళ ఎముకలు, ఒక వ్రేలికి తేలుతున్నట్లు ఉన్న ఉంగరం స్పష్టంగా పడ్డాయి. తన ఎముకలను తానే చూచుకొన్న ఆ ఇల్లాలికి మృత్యువును ముందుగా చూచినట్లు భయం కలిగిందని చెబుతారు. లోకం మాత్రం ఆ చిత్రంలో ప్రాణరక్షణకు మార్గం చూచింది.

డిసెంబరు 28వ తేదీన రాంట్‌జెన్ తన పరిశోధనా వ్యాసాన్ని వుర్జ్‌బర్గ్ భౌతిక-వైద్య సంఘానికి సమర్పించారు. స్వభావం తెలియని కిరణాలు గనుక, గణితంలో తెలియని రాశికి వాడే అక్షరాన్ని వాటికి పేరుగా ఉంచారు. ఆ విధంగా అవి ఎక్స్‌-కిరణాలు అయ్యాయి. 1896 జనవరి 23న జరిగిన సభలో వయోవృద్ధుడైన శరీరశాస్త్రవేత్త కోలికర్ చేతిని అందరి ఎదుట చిత్రం తీశారు. వాటిని రాంట్‌జెన్ కిరణాలని పిలవాలని కోలికర్ ప్రతిపాదించగా సభ హర్షధ్వానాలతో ఆమోదించింది. ఆవిష్కర్త మాత్రం చివరి వరకు ఎక్స్‌-కిరణాలనే మాటనే వాడారు.

లోకానికి ఇచ్చిన కానుక

ఆ వార్త కొద్ది వారాలలో ఖండాలను దాటిపోయింది. 1896 ఫిబ్రవరిలోనే అమెరికాలోని డార్ట్‌మత్‌లో ఒక బాలుని విరిగిన ముంజేతిని ఈ కిరణాలతో చిత్రం తీశారు. భారతదేశపు వాయవ్య సరిహద్దున 1897-98లో జరిగిన తీరా యుద్ధంలో సైనికుల దేహాలలో చిక్కిన తుపాకిగుండ్లను వెదకడానికి ఈ పరికరాన్ని కొండలలోకి మోసుకొనిపోయారు. ఒక శాస్త్రీయ ఆవిష్కరణ ఇంత త్వరగా రోగి పడక ప్రక్కకు చేరడం అంతకు మునుపు అరుదు.

ఈ తరుణంలో రాంట్‌జెన్ పేటెంటు తీసుకొని ఉంటే అపారమైన ధనం చేకూరి ఉండేది. పరిశ్రమల వారు ఆశ చూపారు కూడా. విశ్వవిద్యాలయంలో వెలసిన జ్ఞానం మానవజాతి అందరిదీ అని నమ్మిన ఆయన పేటెంటు తీసుకోలేదు. ఎవరైనను, ఎక్కడైనను, ఎవరికీ రుసుము చెల్లించకుండా ఆ కిరణాలను వాడుకొనేటట్లు వదలివేశారు. బవేరియా రాజ్యం గౌరవ పతకాన్ని ఇవ్వగా స్వీకరించారు. దానితో వచ్చే కులీన బిరుదును మాత్రం పేరుకు ముందు చేర్చుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి తొలి నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. స్టాక్‌హోమ్ వెళ్ళి పురస్కారాన్ని అందుకొన్నారే గాని ఉపన్యాసం ఇవ్వలేదు. బహుమతి సొమ్మును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనకు ఒసగారు. ఎక్స్‌-కిరణాలపై ఆయన వ్రాసినవి మొత్తం మూడే వ్యాసాలు.

ఆ కానుకలో ఒక అపాయం కూడా దాగి ఉన్నది. దానిని ఆనాడు ఎవరూ ఎరుగరు. కిరణాల చిత్రాలు తీసినవారు రోజుల తరబడి తమ చేతులనే అడ్డుపెట్టి యంత్రాన్ని పరీక్షించేవారు. చర్మం కాలి, పుండ్లు పడి, అవి క్యాన్సరుగా మారి ఎందరో అసువులు బాశారు. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ 1904లో ఆ విధంగానే మరణించారు. అటువంటి వైద్యుల, సహాయకుల స్మృతికై 1936లో హాంబర్గ్ నగరంలో ఒక స్తంభాన్ని నిలిపారు. తొలుత దానిపై 169 పేర్లు చెక్కబడ్డాయి. నేటి ఆసుపత్రులలో సీసపు తొడుగులు, మందపు గోడలు, లెక్క ప్రకారం కిరణాల మోతాదు ఏర్పడినది వారి త్యాగం వల్లనే.

చివరి దినములు

1900లో రాంట్‌జెన్ మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఉద్యోగ జీవితం అక్కడనే ముగిసింది. భార్య బెర్తా దీర్ఘకాలం వ్యాధిగ్రస్తురాలై 1919లో కన్నుమూశారు. ఆ సంవత్సరాలలో ఆయనే దగ్గర ఉండి ఆమెకు సేవలు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధానంతరం జర్మనీలో ద్రవ్యం విలువ దినదినం పడిపోయింది. ఆయన దాచుకొన్న సొమ్ము కరిగిపోయింది. పేటెంటు రాబడి ఉంటే కాపాడి ఉండేదేమో గాని, దానిని కోరనందుకు ఆయన చింతించిన జాడ లేదు. 1923 ఫిబ్రవరి 10వ తేదీన ప్రేవుల క్యాన్సరుతో మ్యూనిక్‌లో దివంగతులయ్యారు. ఆయన కోరిక మేరకు ఆయన లేఖలలో, పరిశోధనా పత్రాలలో అధికభాగాన్ని దహనం చేశారు. అస్థికలు గీసెన్‌లో తల్లిదండ్రుల, భార్య సమాధుల చెంతకు చేరాయి.

నీడ నుండి రూపం దాకా

రాంట్‌జెన్ చూపినది ఎముక నీడ. నీడకు ఒక లోపం ఉన్నది. నాలుగు మడతలు పెట్టిన షోలాపూర్ చద్దరును దీపానికి అడ్డంగా పట్టుకొంటే నాలుగు పొరల పూవులూ ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమవుతాయి. ఏ పూవు ఏ పొరదో చెప్పడం కష్టం. ఎక్స్‌-రే చిత్రం కూడా అట్టిదే. ముందున్న ఎముక, వెనుకనున్న ఎముక ఒకే ఫలకంపై పడతాయి. లోతు తెలియదు.

ఆ మడతలను విప్పే గణితం రాంట్‌జెన్ జీవించి ఉండగానే సిద్ధమైంది. 1917లో యోహాన్ రాడోన్ అనే ఆస్ట్రియా గణితవేత్త, ఒక వస్తువును అన్ని దిశల నుండి కొలిచిన కొలతలు ఉంటే దాని లోపలి రూపాన్ని తిరిగి లెక్కకట్టవచ్చునని నిరూపించారు. ఆయనకు వైద్యం మాటే తలపులో లేదు. ఆ లెక్కలు చేయగల యంత్రమూ అప్పటికి పుట్టలేదు. 1963-64లో భౌతికశాస్త్రవేత్త ఆలన్ కార్మాక్ ఈ సమస్యను తన త్రోవలో సాధించారు. ఆంగ్లదేశంలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు యంత్రాన్ని నిర్మించారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలి రోగికి తలను సీటీ స్కాన్ తీశారు. హౌన్స్‌ఫీల్డ్‌కు విశ్వవిద్యాలయ పట్టా లేదు. కార్మాక్‌కు, ఆయనకు కలిపి 1979లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

పడుగు పేకల లెక్క

సీటీ యంత్రంలో ఎక్స్‌-కిరణాల గొట్టం రోగి చుట్టూ తిరుగుతూ అన్ని దిశల నుండి కొలతలు తీస్తుంది. కంప్యూటరు వాటిని లెక్కించి, దేహాన్ని పలుచని పొరలుగా విడదీసి చూపుతుంది. ఒక్కొక్క పొర మందం ఒక మిల్లీమీటరు, లేదా అంతకన్న తక్కువ.

ఆ పొర ఎట్టిదో చద్దరు నేసేవారికి సులభంగా బోధపడుతుంది. జకార్డు చద్దరుకు డిజైను గీసేవారు గళ్ళ కాగితంపై ఒక్కొక్క గడిని నింపుతారు. ఏ గడి నిండినదో, ఏది ఖాళీయో చూచి అట్టలకు రంధ్రాలు కొట్టుతారు. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. పడుగు పేకలు కలిసే ప్రతి చోటా ఒక నిర్ణయం ఉన్నది. సీటీ పొర కూడా గళ్ళ కాగితమే. సాధారణంగా అందులో 512 వరుసలు, 512 నిలువు వరుసలు ఉంటాయి. అంటే ఒక్క పొరకు 2,62,144 గళ్ళు. మూడు వందల పొరలు తీస్తే ఏడు కోట్ల ఎనభై ఆరు లక్షలకు పైగా గళ్ళు అవుతాయి. జకార్డు అట్టలో రంధ్రం ఉన్నదా లేదా అనేదే ప్రశ్న. ఇక్కడ ప్రతి గడిలోనూ ఒక సంఖ్య ఉంటుంది. ఆ చోటనున్న పదార్థం ఎంత గట్టిదో ఆ సంఖ్య తెలుపుతుంది. హౌన్స్‌ఫీల్డ్ పేరనున్న ఆ కొలమానంలో నీటికి సున్న, గాలికి మైనస్ వేయి. లోపలి మెత్తని ఎముకకు కొన్ని వందలు, పైనున్న గట్టి ఎముకకు వేయికి పైగా ఉంటుంది.

ఈ పొరలన్నింటినీ ఏ కంపెనీ యంత్రం తీసినా మరొక కంప్యూటరు చదువగలిగేటట్లు డైకామ్ అనే ఉమ్మడి పద్ధతి 1993లో అమలులోకి వచ్చింది. వాటి నుండి ఎముకను విడదీయడం తరువాతి పని. ఇంత సంఖ్యకు పైబడిన గళ్ళన్నీ ఎముక అని ఒక హద్దు నిర్ణయించగానే కంప్యూటరు వాటిని ఏరుతుంది. అయితే ఆ పని అంతటితో పూర్తి కాదు. తొడ ఎముక గుండు, తుంటి గిన్నె ఒకదానికొకటి మిక్కిలి దగ్గరగా ఉన్నచోట రెండూ అంటుకొని ఒకే ఎముకగా కనబడతాయి. వయస్సు మళ్ళినవారి పలుచబడిన ఎముక హద్దుకు తగ్గి, లేని రంధ్రాలు చూపుతుంది. దేహంలో ఇనుప కడ్డీ గాని, మరలు గాని ఉంటే చుట్టూ చారలు పడి నిజరూపం చెడుతుంది. తెగిన పోగును వెదికి ముడివేసే నేతగానివలె, నిపుణులు పొరపొరకూ కన్ను నిలిపి వీటిని సరిదిద్దాలి. ఆ ఓర్పు లేనిచోట ఎంతటి యంత్రమైనా పొరపాటు నమూనానే ఇస్తుంది.

ఏరిన గళ్ళపై చిన్నచిన్న త్రిభుజాలను అతికి ఉపరితలాన్ని నిర్మిస్తారు. అందుకు వీలైన ఒక గణనపద్ధతిని 1987లో లోరెన్‌సెన్, క్లైన్ అనే ఇద్దరు ప్రకటించారు. గరుకుతనాన్ని కొంత నునుపు చేస్తారు. ఎక్కువ నునుపు చేస్తే సన్నని విరుపు కూడా చెరిగిపోతుంది. అందుచేత పూర్తి అయిన నమూనాను మరల మూల చిత్రాలపై ఉంచి, అంచులు సరిపోయాయో లేదో పరీక్షించడం తప్పనిసరి. తొందరపడక ఏడు వారాలు తనను తానే పరీక్షించుకొన్న రాంట్‌జెన్ క్రమశిక్షణకు ఇది వారసత్వం.

ఎవరి ఎముక వారిదే

ఏ ఇద్దరి ముఖాలు ఒక్కటి కానట్లే ఏ ఇద్దరి ఎముకలూ ఒక్కటి కావు. అందుచేత ఈ నమూనా ఆ రోగికే చెందినది. ప్రమాదంలో పుర్రె ఎముక ఒకవైపు పగిలి పోయినవారికి, బాగున్న రెండవవైపును అద్దంలో బింబం వలె త్రిప్పి, పోయిన భాగం కొలతలను కంప్యూటరులో పొందవచ్చు. ఆ కొలతలకు సరిపోయే పలకను తయారుచేసి అమర్చుతారు. తుంటి గిన్నె ముక్కలైనపుడు నమూనాను పొరలుపొరలుగా అచ్చుతీసి, ఏ ముక్కను ముందు కూర్చాలో, లోహపు పట్టీని ఎట్లు వంచాలో శస్త్రవైద్యుడు ముందుగానే నిర్ణయించుకొంటాడు. తత్ఫలితంగా రోగిని బల్లపై ఉంచే సమయం తగ్గవచ్చు. వంకర తిరిగిన కాలును సరిచేయడానికి ఎముకను ఏ కోణంలో కోయాలో చూపే పరికరాలను కూడా ఇట్లే చేస్తారు. ఎముక ఎంత బరువు ఓర్చగలదో లెక్కకట్టడానికి సైతం ఈ నమూనా ఉపయోగిస్తుంది.

తల్లిదండ్రులు తెలిసి ఉండవలసిన సంగతులు రెండు ఉన్నాయి. సీటీ స్కాన్‌లో కిరణాల మోతాదు సాధారణ ఎక్స్‌-రే కన్నా చాలా ఎక్కువ. మామూలు విరుపుకు ఎక్స్‌-రే చాలును. పిల్లలకు మరింత జాగ్రత్త వహించాలి. వైద్యుడు అవసరమన్నపుడే స్కాన్ తీయించాలి. ఇక స్కాన్ తీయించినపుడు చేతికిచ్చే ఫిల్ము కంటితో చూడటానికే పనికివస్తుంది. ఆ ఏడు కోట్ల సంఖ్యలు ఉండేవి కంప్యూటరు ప్రతిలో మాత్రమే. కావున ఆ ప్రతిని కూడా అడిగి తీసుకొని భద్రపరచుకోవడం మేలు. ముందుముందు నమూనా అవసరమైతే రెండవమారు కిరణాలకు గురికావలసిన పని తప్పవచ్చు.

ఒక బట్టల వర్తకుని బిడ్డ, బడిలో న్యాయం దక్కని విద్యార్థి, లోకంలోని ప్రతి ఆసుపత్రికీ దీపమైనాడు. పట్టుదల ఉన్నచోట మూసిన తలుపు ప్రక్కనే మరొక తలుపు తెరచుకొంటుందని ఆయన జీవితం విద్యార్థులకు నేర్పుతుంది. నిందను మోసే పిల్లవాని మాట కూడా చెవిని బెట్టి విచారించాలని ఉపాధ్యాయులకు గుర్తుచేస్తుంది. ఆయన పేరున 111వ మూలకానికి 2004లో రాంట్‌జెనియం అని నామకరణం చేశారు. అంతకన్న గొప్ప స్మారకం వేరొకటి ఉన్నది. సాఖర్ పేటలో మెట్లపై జారిపడిన ముదుసలి అయినా, సాంచె వద్ద చేయి నలిగిన కార్మికుడైనా, ఆసుపత్రిలో వెలుగుపలకపై తన ఎముకను చూచుకొనే ప్రతిసారీ, పేటెంటు కోరని ఆ మహనీయుని కానుకనే అందుకొంటున్నారు.